తూర్పు గోడ మీద తెల్ల మరకలు

మా వదిన కట్టుడు పళ్లు తయారు చేస్తుంది. ఈ ఊళ్లో ముసలివాళ్లు నవ్వితే అందులో సగం నవ్వు తన భార్యదేనని మా అన్నయ్య చెప్పుకు తిరుగుతాడు. మందుల దుకాణం మేడ మీద ఒక గది, ఆ గదికి ఒకే కిటికీ, కిటికీ కింద పొడవాటి బల్ల. బల్ల మీద మైనం కరిగించే చిన్న దీపం, సానబెట్టే మోటారు, గిన్నెల్లో రకరకాల సైజుల పళ్లు. డాక్టరు పంపిన అచ్చులో ప్లాస్టరు కలిపి పోస్తుంది. అది గట్టిపడ్డాక దాని మీద మైనం పేర్చి ఒక్కొక్క పన్నూ గుచ్చుతుంది. గుచ్చేటప్పుడు పిలిస్తే పలకదు. ఒకసారి నేను వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యేస్తే, ఎవరిదో ముందుపన్ను రవ్వంత పక్కకి జరిగింది. మైనమంతా తీసేసి మళ్లీ మొదటినుంచి పేర్చింది.

"ఆయనకి గుబురు మీసాలు వదినా, ఎవరు చూస్తారు?" అన్నాను.

"ఆయన నాలుక చూస్తుందే" అంది.

అంత చాదస్తం. నేను ఆమెకి ఆడపడుచుని. ఆడపడుచు అన్నాక వదినలో నాలుగు వంకలు వెతకాలి కదా, వెతికాను. ఆ చాదస్తం తప్ప ఏమీ దొరక్క విసిగిపోయాను. దొరికిన రోజున మాత్రం, దొరకకుండా ఉంటే బాగుండుననిపించింది.

కొండలూ బండలూ ఎక్కే పిచ్చి ఆమెకి లెక్కల మాస్టారి వల్ల పట్టుకుంది. ఆయన బళ్లో పిల్లలకి లెక్కలు చెబుతాడు, సెలవు రోజున ఊరి బయట పాత రాళ్ల క్వారీలో తాడు కట్టుకుని గోడలెక్కుతాడు. ఒక సెలవు రోజు గోడ ఆయన ముందుపన్ను తీసుకుంది. పన్ను కట్టించుకోవడానికి వచ్చిన మనిషి కుదురుగా కూర్చోక, క్వారీ గురించి ఊదరగొట్టి వెళ్లాడు. అంత గట్టి పన్నుని విరిచిన రాయేమిటో చూద్దామని మా వదిన వెళ్లింది. అప్పటికి ఆమెకి నలభై దాటాయి. చూసి ఊరుకుంటే సరిపోయేది. ఎక్కింది. ఆ రాత్రి చేతులు పైకి లేవక మా అన్నయ్య చేత జడ వేయించుకుంది, అదీ నవ్వుతూ. మా అన్నయ్యకి మాత్రం నవ్వు రాలేదు. అప్పటినుంచి ప్రతి సెలవు రోజూ నన్ను ఆమె వెంట పంపడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి చేసేదేముంది? బండ నీడలో కూర్చుని, ఆమె పైకి పోతుంటే కళ్లు మూసుకోవడమే.

ఆ క్వారీలో మా నాన్న కాలం దాకా రాయి తీశారు. యంత్రాలు ఆగిపోయాక అడుగున నీళ్లూరాయి, నీళ్ల చుట్టూ రెల్లు పెరిగింది, తుప్పుపట్టిన పాత క్రేను మీదికి తీగలు పాకాయి. నీళ్లున్న చోటికి పిట్టలు వచ్చాయి. తూర్పు గోడలో, బాగా పైన, ఒక రాతి అరుగు ఉంది. అక్కడ ఒక పెద్ద గుడ్లగూబల జంట ఏటా చలికాలంలో గుడ్లు పెడుతుంది. దాంతో ఆ చోటుని పక్షుల కోసం కేటాయించి, గేటు పెట్టి, బోర్డు పెట్టి, రేకుల గదిలో ఒక కాపలా మనిషిని కూర్చోబెట్టారు. మెడలో దుర్భిణి లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు గనక అందరికీ దుర్భిణి బాబాయే.

ఎక్కేవాళ్లకీ బాబాయికీ ఒక ఒప్పందం ఉంది. పడమటి గోడ ఏడాది పొడవునా ఎక్కొచ్చు. తూర్పు గోడ మాత్రం, గూబ వచ్చిన ఆనవాళ్లు కనిపించగానే బాబాయి దాని అడుగున ఎర్రగుడ్డ కడతాడు. పిల్లలు ఎగిరిపోయి, ఆ గుడ్డ విప్పేదాకా ఎవరూ దాని మీద చెయ్యి వేయకూడదు. ఇంకో నియమం కూడా ఉంది. ఎక్కేటప్పుడు చేతులు జారకుండా తెల్లపొడి రాసుకుంటారు. పట్టుకున్న చోటల్లా ఆ మరక రాయికి అంటుకుంటుంది. దిగేటప్పుడు దాన్ని తుడిచెయ్యాలి. తుడవకపోతే గోడ అసహ్యంగా కనిపించడం ఒకటి, తర్వాత వచ్చినవాడు ఆ మరకలు చూసి దారి తెరిచే ఉందనుకోవడం ఇంకొకటి.

తుడవడంలో మా వదినని మించినవాళ్లు లేరు. ఒక పాత టూత్‌బ్రష్షు పిడిని ల్యాబులో దీపం మీద వేడిచేసి వంచింది. చేతికి పట్టు దొరకడానికి, కట్టుడు పళ్లకి చిగుళ్లు పోసే గులాబీ రంగు ప్లాస్టిక్‌ని దాని చివర ముద్దగా పోసింది. చూస్తే ఎవరి చిగురో ఊడి వచ్చినట్టే ఉంటుంది. అది నడుముకి వేలాడేసుకుని, తన మరకలే కాదు, ఊరందరి మరకలూ తుడిచేది. "మా ఇంట్లో గిన్నెలు కూడా ఇంత శ్రద్ధగా తోమవు" అని నేను ఎత్తిపొడిచినా నవ్వేసేది.

మరకలు వదిలేసి తిట్లు తినేవాడు తొందర. వాడికి అమ్మానాన్నా ఏ పేరు పెట్టారో నాకు తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. గ్యాసు సిలిండర్లు ఇళ్లకి చేరవేసే పని. మేడలన్నీ భుజం మీద సిలిండరుతో ఎక్కి దిగుతాడు. "సిలిండరు లేకుండా పైకెక్కే చోటు నాకు ఇదొక్కటే వదినా" అనేవాడు. డ్యూటీ మొదలవకముందే వచ్చి, గబగబా ఎక్కి, గబగబా దిగి, బ్రష్షు మర్చిపోయి వెళ్లిపోయేవాడు. కొక్కేలు మర్చిపోయేవాడు, నీళ్ల సీసా మర్చిపోయేవాడు, ఒకసారి చెప్పులే మర్చిపోయి వెళ్లాడు. వెనక నుంచి వదిన వాణ్ణి తిడుతూనే వాడి మరకలు తుడిచేది.

తూర్పు గోడ మీద ఒక పగులు ఉంది. అడుగున మొదలై వంకర తిరుగుతూ ఆ రాతి అరుగు దాకా పోతుంది. దాని నడిమి భాగం నున్నగా, వేళ్ల కొసలు మాత్రమే దూరేంత సన్నగా ఉంటుంది. మాస్టారు దాటలేదు, తొందర దాటలేదు. మా వదిన ఎన్నేళ్లుగానో సరిగ్గా ఆ నడిమి చోటే జారి తాడుకి వేలాడుతోంది. ఇంటికొచ్చాక కూడా వంటింటి గట్టు అంచున వేళ్లు పెట్టి, ఆ పగుల్లో ఎలా తిప్పాలో చూసుకునేది. ఇంతలో ఆ వేళ్ల కణుపులు వాయడం మొదలైంది. పొద్దున్నే పిడికిలి బిగుసుకునేది కాదు. డాక్టరు చూసి, పళ్లు గుచ్చుకోవడానికి వేళ్లు మిగలాలంటే గోడలు మానెయ్యమన్నాడు. వదిన సరేనంది. ఒక్క ఏడాది చూసి మానేస్తానంది.

ఆ ఏడాది చలి మొదలయ్యేసరికి బాబాయికి కంటి ఆపరేషను అయింది. మెడలో దుర్భిణి ఉన్నా కంటికి కట్టు ఉంటే ఏం లాభం? ఇంటి దగ్గర పడుకోమన్నారు. వెళ్లేముందు ఎర్రగుడ్డ మడతపెట్టి మా వదిన చేతిలో పెట్టాడు.

"నువ్వైతే నాకు బెంగ లేదమ్మా. ఆనవాళ్లు కనిపించిన రోజే కట్టెయ్యి. నీకు తెలుసుగా, ఏం చూడాలో."

తెలుసు. గోడ అడుగున ఎలుక బొచ్చూ ఎముకలూ కలిసిన ఉండలు, రాతి మీద కారిన తెల్లటి రెట్ట. ఒక సాయంత్రం ల్యాబు త్వరగా మూసి, ఒక్కతే వెళ్లి చూసింది. నాకు జ్వరంగా ఉండి వెంట వెళ్లలేదు. ఉండలు ఉన్నాయి. ఒకటి చెప్పుతో నొక్కి చూస్తే లోపల ఇంకా తడిగానే ఉంది. ఎర్రగుడ్డ సంచిలోనే ఉంది. పైన పగులు ఉంది. ఎండ తగ్గింది, గాలి లేదు, ఆ రోజు ఎందుకో వేళ్ల నొప్పి కూడా లేదు.

ఇవి పోయినేటివేమోలే అనుకుంది. అలా కాదని తెలిసే అనుకుంది. గుడ్డ కట్టడానికి రేపు ఉంది, మళ్లీ ఇలాంటి వేళ్లు రేపు ఉంటాయా అనుకుంది.

ఒంటరిగా ఎక్కకూడదన్నది ఇంకో నియమం. అదీ పక్కన పెట్టింది. వెనక బాట గుండా పైకి వెళ్లి చెట్టు మొదట్లో తాడు కట్టి, కిందికి వదిలి, పడితే పట్టి ఆపే చిన్న పరికరం ఒకటి నడుముకి తగిలించుకుని ఎక్కడం మొదలుపెట్టింది. నడిమి చోటు వచ్చింది. ఈసారి జారలేదు. దాటింది. ఎలా దాటానో నాకే తెలియదే, అని తర్వాత నాతో అంది. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగి, మళ్లీ వెంటనే మాడిపోయింది.

దాటిన సంతోషంలో అరుగు అంచుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అలవాటుగా బ్రష్షు తీసి అక్కడ పెట్టుకుని, తల పైకెత్తింది. ఎదురుగా రెండు పసుపుపచ్చని కళ్లు. గూబ బుస్సుమంటూ రెక్కలు విప్పి ఆమె నెత్తి మీదుగా ఎగిరిపోయింది. అది లేచిన చోట గుడ్లు. తెల్లగా, గుండ్రంగా, మట్టిలో ఊరికే పెట్టేసినట్టు ఉన్నాయి.

ఎలా దిగిందో గుర్తులేదట. తాడు లాగి, చుట్టి, సంచిలో కుక్కుకుని గేటు దాటేసింది. మరకలు తుడవలేదు. బ్రష్షు అరుగు మీదే ఉండిపోయింది. ఎర్రగుడ్డ సంచిలోనే ఉంది. ఆమె దాన్ని మర్చిపోలేదు. గోడ వైపు మళ్లీ నడిచి వెళ్లడానికి కాళ్లు రాలేదు, అంతే.

మర్నాడు ల్యాబు నుంచి నేరుగా క్వారీకి వెళ్లి గుడ్డ కట్టింది. ఆ పొద్దున్నే తొందర వచ్చి వెళ్లాడని అప్పటికి ఆమెకి తెలియదు. వాడు గోడ కిందికి వచ్చేసరికి ఎర్రగుడ్డ లేదు. పగులు పొడవునా తెల్ల మరకలు కనిపించాయి. ఎవరో ఎక్కారు, అంటే తెరిచే ఉంది, అనుకున్నాడు. వాడూ ఒంటరిగానే, వాడూ పైనుంచి తాడు కట్టుకునే ఎక్కాడు. నడిమి చోట జారి, ఊగి, మళ్లీ పట్టుకుని పైకి పోతుండగా, అరుగు ఇంకా అందనే లేదు, గూబ మళ్లీ లేచింది. వాడు బెదిరి దిగిపోయాడు. ఈసారి అది తిరిగి రాలేదు. మూడో రోజున మాస్టారు టెలిస్కోపు తెచ్చి చూస్తే, అరుగు మీద ఏ కదలికా లేదు.

క్వారీలో అందరూ పోగయ్యారు. బాబాయి కంటి కట్టుతోనే ఆటోలో వచ్చాడు. ఆ గేటూ బోర్డూ పెట్టించిన పిట్టల ఆఫీసు వాళ్లు తూర్పు గోడే కాదు, మొత్తం క్వారీ మూసేస్తామంటున్నారట. తొందర దాచుకునే రకం కాదు, తను ఎక్కానని చెప్పేశాడు. "గుడ్డ లేదు. నాకంటే ముందే మరకలున్నాయి" అన్నాడు. ఎవరూ వాడి ముఖం వైపు చూడలేదు. గోడ మీదున్న మరకలన్నీ వాడివేనన్నారు. చెప్పులు మర్చిపోయి వెళ్లేవాడికి గుడ్డ కనిపించిందో లేదో ఎవరు చెప్పగలరు?

మాస్టారు మా వదిన వైపు తిరిగాడు. "నువ్వు గుడ్డ కట్టావుగా వదినా?"

"కట్టాను" అంది.

ఎప్పుడని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. అక్కడితో తొందర పని అయిపోయింది. క్వారీ మూయకుండా ఉండాలంటే ఎవరినో ఒకరిని బయటికి పంపామని చూపించాలి. వాణ్ణి పంపారు. వాడు సంచి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మర్చిపోయిన నీళ్ల సీసా తీసుకుని వెళ్లాడు.

ఆ రాత్రి నుంచి మా వదిన అన్నం కెలికి వదిలేయడం మొదలైంది. చేతులు పదే పదే కడిగేది. ల్యాబులో ఒక ముసలాయన పళ్ల సెట్టులో కిందివి పైనా, పైవి కిందా పేర్చింది. డాక్టరు ఫోను చేసి నవ్వుతుంటే ఏడ్చేసింది. అప్పుడు నేను ల్యాబుకి వెళ్లి, తలుపు వేసి, కూర్చోబెట్టి అడిగాను. చెప్పింది.

"సరే, అయిపోయింది. నోరు మూసుకుని ఊరుకో" అన్నాను. "గుడ్లు ఎలాగూ పోయాయి. నువ్వు చెబితే అవి బతుకుతాయా? వాడు కుర్రాడు, ఇంకో గోడ వెతుక్కుంటాడు. నీ పేరెందుకు పాడుచేసుకుంటావు?"

నేను ఇచ్చిన సలహాలో ఇప్పటికీ నాకు తప్పు కనిపించదు. మన మనిషిని మనం కాపాడుకోమా? కానీ మా వదిన నన్ను చూసిన చూపు మాత్రం బాగాలేదు.

"వాడి పేరుకేమైనా పరవాలేదా?" అంది.

తర్వాతి సెలవు రోజున అందరినీ రేకుల గది ముందు కూర్చోబెట్టి, నిలబడి చెప్పింది. ఉండలు చూశానని, గుడ్డ సంచిలో పెట్టుకునే ఎక్కానని, మరకలు తనవేనని, గూబని మొదట లేపింది తనేనని, తొందర ఎక్కేసరికి గుడ్డ లేదని. ఏ ఒక్కటీ వదల్లేదు. నేను తల దించుకుని కూర్చున్నాను.

తర్వాత మాస్టారు లేచి, కళ్లు తుడుచుకుని, "నీ మనసు మాకు తెలుసు వదినా" అన్నాడు.

"మనసు కాదు మాస్టారూ, నేను ఎక్కాను."

"వాడి మీద జాలితో నెత్తినేసుకుంటున్నావు. అయినా, బాధపడకపోతే ఒక మాట. నువ్వా నడిమి చోటు దాటడం మాలో ఎవరమైనా చూశామా?"

పక్కనున్నవాళ్లు ఓదార్పుగా తలలూపారు. "నా బ్రష్షు పైన అరుగు మీద ఉంది, టెలిస్కోపులో చూడండి" అంది. చూశారు. అరుగు అంచే కనిపిస్తుంది గానీ లోపల ఏముందో కింది నుంచి కనపడదు. ఎక్కి చూద్దామంటే, గుడ్డ విప్పే కాలం దాకా తూర్పు గోడని ముట్టుకోకూడదు. గూబ మళ్లీ వస్తుందేమోనన్న ఆశ బాబాయిది.

బాబాయి ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణేమోనమ్మా. నువ్వు చెబుతున్నావే, అందుకే నమ్మలేకపోతున్నాను."

ఆ వారం గడిచాక ఇంకొకటి జరిగింది. అందరూ తలా కాస్త వేసుకుని, పాపం పోగొట్టుకుందని, మా వదినకి కొత్త బ్రష్షు కొని రంగు కాగితంలో చుట్టి ఇచ్చారు. చెక్క పిడి, మంచి రకం. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టి, దాని ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తప్పు చేసినదానికంటే, తప్పు చేశానని చెప్పాక దొరికిన మెప్పుకి ఎక్కువ ఏడ్చింది. మా అన్నయ్య ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దాడు.

నన్ను తోడు తీసుకుని గ్యాసు గోడౌనుకి వెళ్లింది. తొందర లారీలోంచి సిలిండర్లు దించుతున్నాడు. బక్కచిక్కాడు. మమ్మల్ని చూసి చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చాడు.

"విన్నాలే వదినా. నా కోసం నువ్వు అబద్ధం చెప్పడం నాకు నచ్చలేదు."

"ఒరేయ్, అది అబద్ధం కాదురా. ఆ మరకలు నావేరా."

"అసలు నాకంటే ముందు మరకలు ఉన్నాయో లేవో నాకే అనుమానంగా ఉంది" అన్నాడు వాడు, సిలిండరు మూతని కాలితో దొర్లిస్తూ. "అందరూ లేవంటుంటే, రోజూ రాత్రి పడుకుని గుర్తు చేసుకుంటున్నా. గుడ్డ ఉందేమో, నేనే చూసుకోలేదేమో. నేను అన్నీ మర్చిపోతాగా. ఇప్పుడు నిజంగానే గుడ్డ కళ్ల ముందు కనిపిస్తోంది వదినా."

మా వదిన అక్కడే, ఖాళీ సిలిండర్ల పక్కన, నేల మీద కూర్చుండిపోయింది. ఉన్నదాన్ని లేదని ఒక మనిషి చేత అనిపించింది తను. గుడ్ల సంగతి ఎలా ఉన్నా, ఈ తప్పుని ఎవరితోనూ పంచుకునే వీలు లేదు.

"గుడ్డ విప్పిన రోజు నువ్వు రావాలి" అంది చివరికి. "తాడు నేను పడతాను. నువ్వే ఎక్కి, నీ కళ్లతో నువ్వే చూడు."

వాడు రానన్నాడు. ఆమె ప్రతి వారం గోడౌనుకి వెళ్లింది. వాడు విసుక్కున్నాడు, దాక్కున్నాడు, ఒకసారి నన్ను పక్కకి పిలిచి "మీ వదినకి నచ్చచెప్పరాదూ" అని బతిమాలాడు. నచ్చచెబితే వినే మనిషైతే ఈ గొడవంతా ఎందుకు?

ఎండలు ముదిరాయి. బాబాయి ఎర్రగుడ్డ విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. గూబ రాలేదు. వదిన బతిమాలితే, బయటికి పంపినవాణ్ణి ఆ ఒక్క పూటకి లోపలికి రానిచ్చాడు. మాస్టారికి ఇష్టం లేదు గానీ ఊరుకున్నాడు. చెట్టుకి కట్టిన కొక్కెం గుండా తాడు దింపారు. ఒక కొస తొందర నడుముకి, రెండోది మా వదిన నడుమునున్న పరికరంలోకి. వాడు ఎక్కేకొద్దీ ఆమె వదులు లాగుతూ, వాడి కాళ్ల వైపే చూస్తోంది. ఆ రోజు మాత్రం నేను కళ్లు మూసుకోలేదు.

నడిమి చోట వాడు జారి తాడు మీద వేలాడాడు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారాడు. చివరికి తాడు ఆసరాతోనే పైకి పాకి, అరుగు అంచు మీద మోచేతులు ఆనించాడు. తల లోపలికి పెట్టాడు. చాలాసేపు కదల్లేదు.

"ఏముందిరా?" మాస్టారు అరిచాడు.

వాడి కుడిచెయ్యి చొక్కా లోపలికి వెళ్లి రావడం నేను చూశాను.

"గుడ్లున్నాయి. రెండు పగిలాయి" అన్నాడు. "ఇంకేం లేదు. బ్రష్షు లేదు. ఏం లేదు వదినా. దించెయ్."

మాస్టారు నిట్టూర్చి, నేను అనుకున్నదే అన్నట్టు తల పంకించాడు. ఎవరో వదిన భుజం తట్టబోయారు. ఆమె తాడుని తొడ కిందికి లాగి బిగించి పట్టుకుంది.

"దించను."

"వదినా, చేతులు లాగేస్తున్నాయి."

"తాడు మీద కూర్చో, నేను పట్టుకున్నా. చొక్కాలో ఉన్నది బయటికి తీసేదాకా దించను."

"చొక్కాలో ఏముంది? చెమట ఉంది."

"ఒరేయ్ తొందరా!" ఆమె గొంతు క్వారీ అంతా మోగింది. అన్నేళ్లలో ఆమె అరవడం నేను వినలేదు. "నీ చేతికి దొరికినదాన్ని లేదనకురా. నా కోసం అనకు. ఒకసారి నా మాట వల్ల నీ కళ్లనే నువ్వు నమ్మలేదు, చాలు."

వాడు తాడుకి వేలాడుతూ, గోడకి నుదురు ఆనించి ఉండిపోయాడు. అక్కడి నుంచి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "నీకు పిచ్చి వదినా" అన్నాడు. తర్వాత చొక్కాలో చెయ్యి పెట్టి, దాన్ని తీసి, తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. వంకర పిడి, దాని కొసన గులాబీ రంగు ముద్ద. దుర్భిణి అవసరం లేదు, అందరికీ కనిపించింది.

అప్పుడు దించింది. ఎంత నెమ్మదిగా దించిందంటే, వాడి కాళ్లు నేలకి ఆనడం వాడికే తెలిసినట్టు లేదు.

మాస్టారు వెళ్లి తొందర ముందు నిలబడి, "నువ్వు చెప్పింది నిజమేరా" అన్నాడు. వాడు తలూపి, "అవును, మరకలు ఉన్నాయి" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. బాబాయి మాత్రం మా వదిన దగ్గరికి రాలేదు. దూరం నుంచే, "గుడ్డ నీ చేతికిచ్చానమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. ఆమె కోరుకున్న తిట్టు అది. దొరికాక మాత్రం, రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడిపోయింది. నేను వెళ్లి పట్టుకున్నాను.

తొందరని మళ్లీ రానిచ్చారు. మా వదినని రావద్దని ఎవరూ అనలేదు. తనే గోడలు మానేసింది. వేళ్ల నొప్పని అన్నయ్యతో చెప్పింది, అదీ కొంత నిజమే. బ్రష్షు తొందర దగ్గరే ఉంది. ఇప్పుడు వాడు దిగేటప్పుడు ప్రతి మరకా తుడుస్తాడట. చెప్పులు మాత్రం ఇంకా మర్చిపోతాడట.

ఈ ఏడు చలి ఇంకా సరిగ్గా మొదలవకముందే మా వదిన రేకుల గదికి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, ఎర్రగుడ్డ అడిగింది. బాబాయి చాలాసేపు ఆలోచించి ఇచ్చాడు. తీసుకెళ్లి తూర్పు గోడ అడుగున ముడి మీద ముడి వేసి కట్టింది. కింద ఉండలు లేవు, రెట్ట లేదు, పైన ఏమీ లేదు. చలికాలం సగం గడిచిపోయింది, ఇప్పటికీ గూబ రాలేదు. సెలవు రోజున ఇద్దరం వెళ్లి ఆ బండ నీడలో కూర్చుంటాం. ఆమె పైకి చూస్తుంది, నేను ఆమెని చూస్తాను.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "గూబే లేనప్పుడు గుడ్డ ఎందుకు వదినా?"

"వస్తే గోడ ఖాళీగా ఉండాలిగా" అంది.